ఇటుగా వెళ్తూ ఆగాం

ఇటుగా వెళ్తూ ఆగాం, అన్నాడు కెప్టెన్.
మా భాషలో నేనూ అదే చెప్పాను.
ఇటుగా వెళ్లే దారంటూ మాకు లేదు.
ఏ మ్యాపు విప్పినా మా చుట్టూ నీళ్లే,
మా దీవికి రావాలనుకున్నవాడే మా దీవికి వస్తాడు.
ఆ సంగతి అనువదించమని ఎవరూ అడగలేదు.

పగడపు గట్టు పక్కన, బూడిద రంగులో, ఓడ.
నేయ్ తెబోర గుడ్డలు ఆరేస్తే
దుప్పటికీ దుప్పటికీ మధ్య అదే.

అందులోంచి పంటి డాక్టర్లు దిగారు.
మా అక్క మనవడు బవూరో పుచ్చుపన్ను పీకి
వాడి అరచేతిలోనే పెట్టారు.
ముసలివాళ్లకు కళ్లజోళ్లు, బడి గోడకి పసుపు రంగు,
సాయంత్రం రేవులో బ్యాండు.
మంచి కుర్రాళ్లే, దాచడం దేనికి.
ఒకడికి వాళ్లమ్మ గుర్తొచ్చిందేమో
తెబోర పక్కన గొంతుకూచుని చేపలు తోమాడు.

అదే పూట మంత్రిత్వశాఖ గదిలో చేపల ఒప్పందం.
మా నీళ్లలో వాళ్ల పడవలు ఎన్నాళ్లు, రోజుకెంత.
వాళ్లు కిటికీకి వీపు పెట్టి కూచున్నారు,
మేం కిటికీకి ఎదురుగా.
రాయబారి ఒక్కసారి వెనక్కి తిరగలేదు,
గొంతు పెంచలేదు.
దయచేసి అనే మాట పదకొండుసార్లు వాడాడు.
ప్రతి దయచేసికీ అతని భుజం మీదుగా
ఫిరంగి మూతికి తొడిగిన గుడ్డ కనిపించేది.
మూసిన నోరే.
మర్యాదగా మూసిన నోరు.

మా మంత్రి బురెంతౌ
గొంతుదాకా వచ్చిన అంకెని మంచినీళ్లతో మింగి
ఇంకో అంకె చెప్పాడు.
తప్పు లేకుండా అనువదించాను.
ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో
అంత ఖచ్చితంగా ఎప్పుడూ సిగ్గుపడలేదు.

రాత్రి పెద్దాయన తెకీనైతి కబురు పంపాడు:
మిగతా మాటలు మనేబలో. ఆచారం.
ఆచారానికి కారణం ఎవరూ అడగరు,
దాంతో ఉన్న సుఖమే అది.

మనేబ మా సభాశాల.
మొగలాకు కప్పు, నడుమెత్తుకి దిగిన చూరు,
ఎంతటివాడైనా వంగే లోపలికి రావాలి.
కెప్టెన్ వంగాడు. టోపీ జారింది.
బవూరో అందుకుని, దులిపి,
కొత్త సందులోంచి నవ్వుతూ తిరిగిచ్చాడు.
ఏ స్తంభం దగ్గర ఏ ఇంటివాళ్లో
తాతల నాడే తేలిపోయింది.
అతిథికీ ఒక చోటుంది, సముద్రానికి ఎదురుగా.

ఇప్పుడు ఓడని చూడాల్సింది వాళ్లు.

పోటు తీసి ఆటు పట్టింది.
లంగరేసిన ఓడ నీళ్ల మాటే వింటుంది.
తలుపు తిరిగినంత నెమ్మదిగా అది ముక్కు తిప్పి
ఎవరూ లేని సముద్రానికి ఫిరంగి చూపించింది.
వాక్యం మధ్యలో రాయబారి ఆగాడు,
తన ఇంటి పెరటి గోడని
మొదటిసారి వీధిలోంచి చూసినవాడిలా.

ఆ ఆగిన చోట తెకీనైతి
మంత్రి మింగిన అంకెని బయట పెట్టాడు,
చుట్టకి నిప్పు అడిగినంత మామూలుగా.
నేను కాస్త బిగ్గరగానే అనువదించాను.

మొత్తం రాలేదు.
సగానికి పైన, ముప్పావుకి కింద.
గెలిచామని అనను. ఓడ ఓడిపోలేదు,
చీకటి పడేవేళకు పోటొచ్చి మళ్లీ మావైపే తిరిగింది.

మర్నాడు వెళ్లిపోయాక కౌతు మునిగి చూసొచ్చాడు.
గొలుసు ఈడ్చిన మేర పగడం తెల్లగా గీరుకుపోయి ఉందట,
ఓడ అటూ ఇటూ తిరిగినంత వంపుగా.
ఒప్పందంలో ఆ గీత గురించి ఏమీ లేదు.
నలభై పేజీలూ నేనే చదివాను.

బడి గోడ పసుపు మాత్రం బాగుంది.
మళ్లీ ఎప్పుడొస్తారని బవూరో రోజూ అడుగుతున్నాడు.
ఇంకో పన్ను కదులుతోంది వాడికి.